ఇంటి దగ్గర నేర్చుకున్న కళని నలుగురికీ చూపించడం ఎలా: శ్రీకాకుళం, విజయనగరం దూరవిద్య విద్యార్థుల కోసం

దూరవిద్యలో బొమ్మలు, సంగీతం, నాట్యం, కథ రాయడం నేర్చుకునేవాళ్లు మన రెండు జిల్లాల్లో ఉన్నారు, కానీ ఒకళ్ల సంగతి ఒకళ్లకి తెలీదు. టెక్కలిలో పొద్దంతా ట్యూషన్లు చెప్పి రాత్రి రంగులు కలుపుకునేవాళ్లు, రాజాంలో షాపు చూసుకుంటూ కర్ణాటక సంగీతం సర్టిఫికెట్ కోర్సు చదివేవాళ్లు, పెళ్లయి గరివిడి వచ్చాక మానేసిన కూచిపూడిని పిల్లలు బడికెళ్లే వయసొచ్చాక మళ్లీ పట్టుకున్నవాళ్లు. వీళ్లందరిదీ ఒకటే ఇబ్బంది. చేసిన పనిని చూసే కళ్లు ఉండవు. అసైన్‌మెంట్ పంపిస్తారు, కొన్నాళ్లకి ఒక మార్కు వస్తుంది, ఆ మార్కు ఎందుకొచ్చిందో అడుగుదామంటే ఎదురుగా మనిషి ఉండడు.

విజయనగరం సంగీత కళాశాల తీసుకోండి. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా మొదలైన చోటు, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ కుర్చీలో కూర్చున్నారు, ఘంటసాల, పి. సుశీల అక్కడే చదువుకున్నారు. అలాంటి చోట స్వరం కొంచెం జారితే గురువు అక్కడికక్కడే ఆపుతారు. అంతకంటే ముఖ్యం, పక్కన కూర్చున్నవాళ్లు తప్పు పాడి ఎలా సర్దుకున్నారో విని మనం సగం నేర్చుకుంటాం. దూరవిద్యలో లేనిది ఆ పక్కవాళ్లే. అందుకని చూపించడం అనేది కోర్సు అయిపోయాక సర్టిఫికెట్‌తో పాటు చేసుకునే వేడుక అనుకోవద్దు, ఆ పక్కవాళ్లని మనమే తెచ్చుకునే పద్ధతి అది, కోర్సు నడుస్తుండగానే చేయాలి. చూపించేటప్పుడు పూర్తయిన బొమ్మ ఒక్కటే పెడితే చూసినవాళ్లు "బాగుంది" అని వెళ్లిపోతారు. అక్కడిదాకా ఎలా వచ్చారో కూడా పెడితే మాట్లాడతారు. ఈ గైడ్ అంతా ఆ రెండోది ఎలా చేయాలన్నదాని గురించే.

ముందు ఒక నోటుబుక్కు

బ్రిటన్‌లో 1987లో ఓపెన్ కాలేజ్ ఆఫ్ ది ఆర్ట్స్ అని ఒకటి పెట్టారు, ఇంటి దగ్గరుండి కళలు చదివేవాళ్ల కోసమే. అక్కడి విద్యార్థులు లెర్నింగ్ లాగ్ అని ఒకటి రాస్తారు, ఏం చేశారు, ఎందుకలా చేశారు, ఎవరి పని చూశారు అన్నీ అందులోనే. మనకి దాని కోసం ప్రత్యేకంగా ఏమీ అక్కర్లేదు, గీతల్లేని లాంగ్ నోటుబుక్కు చాలు. ఒకటే షరతు, పని చేసిన రోజే రాయాలి. మర్నాటికి "బాగా వచ్చింది" అన్నంత వరకే గుర్తుంటుంది, మధ్యలో రెండుసార్లు ఎందుకు చెరిపామో గుర్తుండదు, నిజానికి పనికొచ్చేది ఆ చెరిపిన సంగతే.

ఏం రాయాలన్నది చాలామందికి తెలీక మొహమాటంగా రెండు ముక్కలు రాసేస్తారు. ఒకరి పని ఒకరు చూసుకునే మా గుంపులో పొందూరు వైపు అమ్మాయి ఒకామె వాళ్ల మామ్మ బొమ్మ వేసింది. మామ్మ పీట మీద కూర్చుని వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకుతోంది. పొందూరు ఖాదీకి ఆ ఎముకే పనిముట్టు, దాని సన్నటి పళ్లతో దువ్వితే పత్తిలో చెత్త పోయి పీచు సాఫీగా వస్తుంది. బొమ్మ అయ్యాక ఆ అమ్మాయి మొదట రాసింది ఇది: "ఈ బొమ్మ వేయడం నాకెంతో సంతోషాన్నిచ్చింది. చాలా విషయాలు నేర్చుకున్నాను." ఏ విషయాలమ్మా అని అడిగితే కూర్చుని మళ్లీ రాసింది:

"దూది తెల్లగా కనబడాలంటే చుట్టూ ఏదైనా ముదురుగా ఉండాలి. గోడకి లేత పసుపు వేస్తే దూది అందులో కలిసిపోయింది. దాని మీద జేగురు వేశాను. ఇప్పుడు దూది కనిపిస్తోంది గానీ మామ్మ మొహం చీకటైపోయింది. కిటికీ వెలుగు ఎటునుంచి పడుతుందో ముందే చూసుకుని మొదలుపెట్టాల్సింది."

రెండింటికీ తేడా చూడండి. మొదటిది ఏ బొమ్మకైనా అతుకుతుంది. రెండోది ఆ ఒక్క బొమ్మకే, పైగా తర్వాతి బొమ్మకి ఏం చేయాలో అందులోనే ఉంది. కాబట్టి రాయడానికి కూర్చున్నప్పుడు మీకెలా అనిపించిందన్నది పక్కన పెట్టి మీరు ఏం నిర్ణయించుకున్నారో రాయండి: ఇక్కడ రెండు దారులున్నాయి, నేను ఇది పట్టుకున్నాను, ఇందుకు పట్టుకున్నాను, దాని వల్ల ఇది వచ్చింది, ఇది పోయింది. పాటకీ అంతే. "ఆరభి రాగం కష్టంగా ఉంది" అని రాస్తే ఏమీ తెలీదు, ఏ సంగతి (ఒకే లైనుని మార్చి మార్చి పాడే తీరు) దగ్గర ఊపిరి చాలలేదు, ఎక్కడ తీసుకుంటే చాలింది అని రాయాలి. డొనాల్డ్ షోన్ అనే ఆయన 1983లో పని చేస్తూ ఆలోచించడం వేరు, పని అయ్యాక దాని గురించి ఆలోచించడం వేరు అని విడదీసి చెప్పాడు. మన నోటుబుక్కులో రెండింటికీ చోటు ఉండాలి. ఎడమ పేజీలో పని మధ్యలో గబగబా గీకినవి, అవి తప్పుల్తో ఉన్నా పర్లేదు, కుడి పేజీలో ఒక వారం పోయాక తాపీగా రాసినవి.

ఫోటో, రికార్డింగు

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే దూరవిద్యలో మీ బొమ్మని చాలామంది చూసేది ఫోటోలోనే, ఫోటో చెడిపోతే వాళ్లు మాట్లాడేది ఆ చెడిపోయిన ఫోటో గురించే.

మామ్మ బొమ్మకి మొదట జరిగింది అదే. రాత్రి తొమ్మిదింటికి ట్యూబులైటు కింద తీసి పెట్టింది. దూది నీలంగా, జేగురు బురద రంగులో వచ్చాయి, అందరూ రంగుల గురించే సలహాలు ఇచ్చారు, తీరా చూస్తే అసలు బొమ్మలో రంగులు బాగానే ఉన్నాయి. మర్నాడు పొద్దున్న వరండాలో ఎండ నేరుగా తగలని చోట పెట్టి తీస్తే సరిపోయింది.

మీరూ అలాగే చేయండి. పొద్దున్న ఎనిమిది, తొమ్మిది మధ్యలో నీడపట్టున తీయండి, మబ్బు పట్టిన రోజైతే ఇంకా మంచిది, వెలుగు అంతటా ఒకేలా పడుతుంది. లోపల తీయాల్సి వస్తే కిటికీ పక్కన పెట్టి లైట్లన్నీ ఆపేయండి, కిటికీ వెలుగూ బల్బు వెలుగూ కలిస్తే ఫోను ఏ తెలుపుని తెలుపనుకోవాలో తేల్చుకోలేదు. ఫ్లాష్ వద్దు. ఫోటోని అందంగా చేస్తామనే ఫిల్టర్లు అసలే వద్దు. లెన్స్ మీద వేలిముద్రలుంటాయి, చున్నీ కొసతోనో మెత్తటి నూలు గుడ్డతోనో తుడవండి. బొమ్మని గోడకి ఆనిస్తే అది కొంచెం వెనక్కి వాలుతుంది, ఫోనుని కూడా అంతే వాలుగా పట్టుకోవాలి, లేకపోతే పైభాగం సన్నగా కింద వెడల్పుగా వస్తుంది. కెమెరా సెట్టింగ్స్‌లో గ్రిడ్ గీతలు ఆన్ చేసుకుంటే బొమ్మ అంచులు వాటితో సమానంగా ఉన్నాయో లేదో తెలిసిపోతుంది. మరీ దగ్గరికెళ్లి తీస్తే అంచులు వంగుతాయి, నాలుగడుగులు వెనక్కి జరిగి కొంచెం జూమ్ చేయండి. ప్రతి బొమ్మకీ మూడు ఫోటోలు: మొత్తం బొమ్మ, ఒక మూల బాగా దగ్గరగా (కుంచె జాడ కనపడేలా), బొమ్మ పక్కన మీ చేయి పెట్టి ఒకటి, సైజు తెలియడానికి. అద్దం ఫ్రేములో ఉంటే బయటికి తీసే తీయండి.

పాటకైతే ఫ్యాను ఆపాలి, ఎండాకాలంలో కష్టమే గానీ తప్పదు. ఖాళీ గదిలో గొంతు గోడలకి కొట్టుకుని తిరిగొస్తుంది, పరుపు, బట్టల బీరువా ఉన్న గదిలో ఆ గోల ఉండదు. ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి మూరెడు దూరంలో మడత దుప్పటి మీద ఉంచండి, నేరుగా నేల మీదో బల్ల మీదో పెడితే ప్రతి కదలికా గడగడమని వినిపిస్తుంది. శ్రుతి వేరే ఫోనులో, రికార్డు చేసే ఫోనుకి దూరంగా. ముందు పల్లవి ఒక్కసారి పాడి విని, అప్పుడు పూర్తిగా పాడండి. బొబ్బిలి వీణ ఉన్నవాళ్లకి ఒక మాట, దాని పనస కర్ర నాదం చిన్న ఫోను స్పీకర్‌లో తెలీదు, రికార్డింగుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే విని సరిచూసుకోండి, వినేవాళ్లకీ అదే చెప్పండి.

నాట్యానికి ఫోను అడ్డంగా, నడుము ఎత్తులో, పాదాలు మొదటినుంచి చివరిదాకా ఫ్రేములో ఉండేలా. పాదాలు కోసేసిన కూచిపూడి వీడియో మీద ఎవరూ ఏమీ చెప్పలేరు. ముక్కలు అతికించకుండా ఒకే టేకు పెట్టండి. కథలు, కవితలు రాసేవాళ్లు యూనికోడ్‌లోనే టైపు చేయాలి, డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించిన ఫైలు వేరేవాళ్ల ఫోనులో తెరిస్తే అర్థంలేని గుర్తులొస్తాయి.

వాట్సాప్‌లో పంపేటప్పుడు మామూలు ఫోటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే కుదించేసి పంపుతుంది, కుంచె జాడలన్నీ పోతాయి. ఫైలు పేరు మీ పేరు, శీర్షిక, సంవత్సరం. గూగుల్ ఖాతాలో 15 జీబీ ఉచితంగా వస్తుంది, అక్కడ ఒక కాపీ తప్పకుండా ఉంచండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరీ జీడీ తోటలే నేలకొరిగాయి, ఇళ్లలో కాగితాల సంగతి చెప్పక్కర్లేదు. మనది తుపానుల తీరం, కాగితం మీదున్న పనికి వేరేచోట ఇంకో రూపం ఉండి తీరాలి.

మాట్లాడించడం

అయిదారుగురికి మించని గుంపు చాలు. వంద మంది ఉన్న గ్రూపులో పెడితే బొటనవేళ్లూ దండాలూ వస్తాయి తప్ప మాట రాదు. వారానికి ఒకరి పని, ఒక గంట, వీడియో కాల్‌లో గానీ ఎవరింట్లోనైనా గానీ.

ఆ గంట ఎలా నడపాలన్నదానికి అమెరికాలో లిజ్ లెర్మన్ అనే నాట్యకళాకారిణి తయారుచేసిన పద్ధతి ఒకటుంది, మాకు బాగా పనికొచ్చింది. మొదట చూసినవాళ్లు తమకి ఏది పట్టుకుందో, ఏది గుర్తుండిపోయిందో చెప్తారు. తర్వాత వేసినవాళ్లు తమ ప్రశ్నలు అడుగుతారు. మూడోది చూసినవాళ్ల ప్రశ్నలు, కానీ వాటిలో అభిప్రాయం దాగి ఉండకూడదు. ఆఖర్న, "ఫలానాదాని మీద నాకో అభిప్రాయం ఉంది, చెప్పమంటారా" అని అడిగి, ఊ అంటేనే చెప్పడం.

అన్నిట్లోకీ మూడోదే కష్టం. "ఆ ఎముక అంత పెద్దగా ఎందుకేశావు?" అంటే అది ప్రశ్న రూపంలో ఉన్న తిట్టు. "ఎముక సైజు ఎలా నిర్ణయించుకున్నావు?" అంటే అవతలి మనిషి నిజంగా ఆలోచిస్తుంది. ఆ అమ్మాయి ఆలోచించి చెప్పింది, ఎముక పళ్లు కనబడాలని పెద్దగా వేసిందట. అప్పుడు వాళ్ల పక్కింటి అప్ప అన్న మాట గుర్తొచ్చింది తనకి: "ఏటమ్మా, మామ్మ దూది ఏకుతున్నాదా, చేప తింటున్నాదా?" ఆవిడ చిత్రలేఖనం చదువుకోలేదు, కానీ బొమ్మలో ఉన్న అసలు చిక్కుని ఒక్క మాటలో పట్టుకుంది. ఎముక పెద్దదై నోటికి దగ్గరగా వచ్చేసింది. ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగు అన్న మాటల్ని కూడా వాళ్లు ఎలా అన్నారో అలాగే నోటుబుక్కులో రాసుకోండి, శుద్ధి చేసి రాయొద్దు.

మనవాళ్లలో ఒక అలవాటుంది, వయసులో పెద్దవాళ్ల పనిని చిన్నవాళ్లు ఏమీ అనరు. మాస్టారు రిటైరయ్యాక బొమ్మలు మొదలుపెట్టారు, ఆయన దగ్గర చదువుకున్న కుర్రాడు అదే గుంపులో ఉన్నాడు, ఏమంటాడు పాపం. ఈ పద్ధతిలో అడిగే వంతు మాస్టారిదే కాబట్టి ఆయనే "ఈ చెట్టు గాల్లో తేలినట్టుందేమో చూడు బాబూ" అని అడుగుతారు, కుర్రాడికి మర్యాద తప్పకుండా చెప్పే వీలు దొరుకుతుంది.

ఊళ్లో ఒక రోజు ప్రదర్శన

ఏడాదికి ఒక్కటైనా చేయండి. విజయనగరంలో ఆనందగజపతి ఆడిటోరియం, శ్రీకాకుళంలో బాపూజీ కళామందిర్ లాంటి పెద్ద హాళ్లు నాట్యం, సంగీతం కలిపి నలుగురైదుగురు ఒకే రోజు చేసేటప్పుడు చూసుకోవచ్చు. బొమ్మలకీ కథలకీ అవి అక్కర్లేదు. శాఖా గ్రంథాలయంలో ఒక గది, ఆదివారం నాడు బడి వరండా, అపార్ట్‌మెంట్ సెల్లారు, ఇవి చాలు, వీటికి వచ్చేవాళ్లు ఇన్విటేషన్ చూసి రారు, దారిన పోతూ ఆగుతారు, మనకి కావాల్సింది వాళ్లే. రాసిచ్చిన అనుమతి మాత్రం తీసుకోండి, నోటిమాట మీద ఆధారపడితే ఆ రోజు తాళం ఎవరి దగ్గరుందో తెలీక తిరగాలి.

సంక్రాంతి వారం నా దృష్టిలో అన్నిటికంటే మంచిది. హైదరాబాదు, చెన్నై, విశాఖ వెళ్లినవాళ్లంతా ఊళ్లో ఉంటారు, వాన ఉండదు. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. విజయనగరంలో దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ఆ రోజు ఊరంతా అటే ఉంటుంది, రోడ్లు మళ్లిస్తారు, దాంతో పోటీ పెట్టుకోవద్దు.

గోడలకి మేకులు కొట్టనివ్వరు. కిటికీ ఊచల నుంచి ఊచలకి నైలాన్ తాడు కట్టి బట్టల క్లిప్పులతో తగిలించండి, క్లిప్పు పంటికీ కాగితానికీ మధ్య చిన్న అట్టముక్క పెడితే గుర్తు పడదు. బొమ్మ మధ్యభాగం నేల నుంచి 145 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే నిలబడి చూసేవాళ్ల కంటికి సరిగ్గా ఉంటుంది, పిల్లలు ఎక్కువగా వచ్చే బడిలో ఇంకా దించండి. కింద చీటీ మీద పేరు, ఊరు, దేనితో వేశారు, సైజు, సంవత్సరం, నోటుబుక్కులోంచి రెండు వాక్యాలు. ఫోను నంబర్లు చీటీల మీద రాయొద్దు, ముఖ్యంగా ఆడపిల్లలవి. గుంపు మొత్తానికి ఒక ఈమెయిల్ పెట్టండి. పిల్లలు ఉన్నారంటే వాళ్ల పూర్తి పేరు, ఫోటో పెట్టేముందు అమ్మానాన్నల్ని అడగాలి. మామ్మల్ని కూడా అడగాలి, బొమ్మలో ఉన్నది వాళ్లు.

ప్రతి పూర్తయిన బొమ్మ ముందూ ఒక చిన్న బల్ల వేసి దాని మీద వదిలేసిన చిత్తుల్లో కనీసం ఒకటి పెట్టండి. పసుపు గోడ ఉన్న పాత బొమ్మ ఫోటో, దాని పక్కన చెరిపిన పెన్సిలు గీతల కాగితం. మేం చూసినంతలో జనం ఎక్కువసేపు ఆగేది ఆ బల్ల దగ్గరే, ఎందుకంటే అక్కడ వాళ్లకి కూడా ఒక అభిప్రాయం ఉంటుంది, "పసుపుదే బాగుంది కదండీ" అని వాదనకి దిగుతారు. కథ రాసినవాళ్లు మొదటి డ్రాఫ్టు, ఆఖరి డ్రాఫ్టు పక్కపక్కన పెట్టండి. ప్రదర్శనకి ముందు ఒక్కసారి శ్రీకాకుళంలో కథానిలయానికి వెళ్లిరండి, కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో తెలుగు కథల కోసమే నెలకొల్పిన గ్రంథాలయం అది. మీరు రాస్తున్న విషయం మీద ఇంతకుముందు ఎవరెలా రాశారో చూసుకుంటే మీ కథకి రాసే ఆ రెండు వాక్యాలు మారిపోతాయి.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. సీతంపేట వైపు సవర గిరిజనుల చిత్రాలు చూసి చాలామంది ఆ మనుషుల ఆకారాలూ ఆ చతురస్రాలూ తమ బొమ్మల్లో పెట్టేస్తున్నారు. అవి అలంకారం కోసం పుట్టినవి కావు, ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో దేవతల కోసం, చనిపోయిన పెద్దల కోసం వేసేవి. మీరు వాటినుంచి నేర్చుకుంటే ఏ ఊళ్లో చూశారు, ఎవరు చెప్పారు, ఏది తీసుకున్నారు, ఏది మీ సొంతం అన్నది చీటీ మీద రాయండి, చెప్పినవాళ్ల పేరు రాయొచ్చో లేదో వాళ్లనే అడగండి. ఇది మర్యాద, ఆపైన మీ పని గురించి మీరు నిజాయితీగా ఆలోచించారనడానికి రుజువు కూడా.

ప్రదర్శన అయ్యాక

బల్ల మీద అభిప్రాయాల పుస్తకం పెట్టి "మీ అభిప్రాయం రాయండి" అంటే పేజీ నిండా "చాలా బాగుంది, ఆల్ ది బెస్ట్" అనే ఉంటుంది. దాని బదులు పేజీ పైన ఒక ప్రశ్న రాసి ఉంచండి: ఏ బొమ్మ దగ్గర ఎక్కువసేపు ఆగారు, అక్కడ ఏం కనిపించింది? రాయడం ఇబ్బందైనవాళ్లు నోటితో చెప్తే గుంపులో ఒకరు రాసుకోవాలి.

ఆ పుస్తకం వెంటనే చదవొద్దు. ప్రదర్శన రోజు రాత్రి మనసంతా హడావిడిగా ఉంటుంది, ఒక్క చిన్న మాట కూడా పెద్దదిగా తగులుతుంది, లేదా పొగడ్త తలకెక్కుతుంది. ఒక వారం పోయాక నోటుబుక్కూ దాన్నీ పక్కపక్కన పెట్టుకుని ఒకే ఒక్క పేజీ రాయండి. నేను చూపించాననుకున్నదేంటి, వాళ్లు చూసిందేంటి, రెండూ ఎక్కడ కలవలేదు. పొందూరు అమ్మాయి ఆ పేజీ రాశాకే ఎముకని విడిగా ఒక పెద్ద కాగితం మీద, పన్ను పన్నూ కనపడేలా వేసింది, మామ్మ బొమ్మలో దాన్ని చిన్నది చేసి ఒళ్లోకి దించింది. ఇప్పుడవి రెండూ జంటగా ఉంటాయి.

కోర్సు అసైన్‌మెంట్‌కి వ్యాఖ్య రాయాల్సి వచ్చినప్పుడు ఆ పేజీనే మూలం. ఇగ్నోలో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) చాలా కోర్సులకి అసైన్‌మెంట్లకి 30 శాతం, పరీక్షకి 70 శాతం వెయిటేజీ ఉంటుంది, ఆ 30 శాతాన్ని ఆఖరి రాత్రి గైడు చూసి రాసి పోగొట్టుకోవద్దు. మీ పేజీలో ఉన్న మాటల్నే కొంచెం పొందికగా పేర్చండి, పుస్తకాల భాషలోకి మార్చే ప్రయత్నం చేయకండి, దిద్దేవాళ్లకి ఆ తేడా తెలిసిపోతుంది. పంపేముందు ప్రతి పేజీ ఫోటో తీసుకోండి, ఒరిజినల్ బొమ్మ అడిగితే తప్ప ఇవ్వొద్దు, ఇచ్చినవి తిరిగి రాకపోవచ్చు. స్టడీ సెంటర్‌లో చేతికిస్తే సంతకం, తేదీ ఉన్న రసీదు, పోస్టులో పంపితే స్పీడ్‌పోస్ట్ కాగితం, మార్కులు ఆన్‌లైన్‌లో కనపడేదాకా ఆ నోటుబుక్కు అట్టకే పిన్ను చేసి ఉంచండి.